టికెట్టు కిటికీ వెనుక పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన మంగళవారం పొద్దున పాలమూరు దవాఖానలో కన్నుమూసింది. ఆమె కొడుకు, మా అన్న, ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేకపోయాడు. "తమ్మీ, అమ్మ పోయింది. తెలిసినోళ్లకు నువ్వే చెప్పు, నాతోని కాదు" అన్నాడు. చెప్పవలసిన వారి పేర్లు వరుసగా వేసుకుని కూర్చున్నాను. బంధువుల పేర్లు త్వరగానే అయిపోయాయి. ఆ తర్వాత నాకు పేర్లు తెలియని వాళ్లు మిగిలారు: పూలమ్మే ఆమె, సెంట్రింగు పనికి వెళ్లే అన్నదమ్ములు, పట్నంలో నర్సు చదువు చదివిన అమ్మాయి, పాల క్యాన్ల ఆయన. వీళ్లంతా మా ఊరి రైల్వే హాల్టులో ఆమె చేతి టికెట్టు తీసుకుని బండెక్కినవాళ్లు. పూలమ్మే ఆమె నంబరు మాత్రం దొరికింది. ఆమె ఇప్పుడు పట్నంలోనే ఉంటోంది. విషయం చెప్పాను.

"టికెట్ అవ్వనా? అయ్యో, నేను చూసినప్పుడు మంచిగుండె గద సార్. నేనిప్పుడు ఎట్ల రావాలె? ఆడ బండి ఆగదాయె."

నిజమే, ఆగదు. పెద్దమ్మ బతుకులో చివరి ఏళ్లన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. బండి మళ్లీ ఆగుతుందా, ఆగదా. ఆగదని పూర్తిగా తేలిపోయాకే ఆమె పోయింది. ఆ హాల్టు చరిత్ర ఎక్కడా రాసి లేదు. ఆమె చరిత్ర కూడా లేదు. రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు కనుక కలిపే చెబుతున్నాను.

మా ఊరు ఒకప్పుడు పాలమూరుకు ఎడంగా ఉన్న పల్లె. రాష్ట్రం వచ్చాక పట్టణం ప్లాట్ల రాళ్లు పాతుకుంటూ, వెంచర్ల ద్వారాలు కట్టుకుంటూ మా దాకా వచ్చి మమ్మల్ని తన శివారుగా చేసుకుంది. అయినా మా ఊరికి బతుకుదెరువు చూపింది పాలమూరు కాదు, పట్నం. పొద్దున ప్యాసింజరులో కాచిగూడకు వెళ్లి సాయంత్రం ప్యాసింజరులో తిరిగి రావడం మా వాళ్లలో సగం మంది జీవితం. తాపీ పని, పూలు, కూరగాయలు, పాలు, కాలేజీ చదువులు, దవాఖాన పనులు, అన్నీ ఆ రెండు బండ్ల మీదే నడిచాయి.

పెద్దమ్మ ఆ స్టేషనులో మొదటిసారి దిగింది పెళ్లికూతురిగా. అప్పటికి ఉన్నది చిన్న లైను, మీటరు గేజి. స్టేషను మాత్రం చిన్నది కాదు. సున్నం, రాయితో కట్టిన గోడలు, తాండూరు బండలు పరిచిన వరండా, దీపాలు తుడిచి నూనె పోసే గది, చేతి మరలతో కదిలే సిగ్నళ్లు, బండి పక్కకు తప్పుకునేందుకు ఇంకో లైను, ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టే నిలువు గొట్టం, దానికి నీళ్లిచ్చే బావి ఉండేవట. ఆ బావిని నేనూ చూశాను, మిగిలినవి ఆమె చెప్పగా విన్నవి. "దిగంగనే స్టేషన్ చూసి మురిసిన. గిదే నా అత్తగారిల్లు గావొచ్చు అనుకున్న. ఇంటికి తీస్కపోయినంక తెలిసింది, గొర్లు ఇంట్ల, మనుషులు వాకిట్ల" అని చెప్పి నవ్వేది. మాది గొర్ల కాపరుల కుటుంబం. గొర్లకే మంచి జాగా ఇవ్వడం మాలో వింత కాదు.

పెద్ద లైను పడినప్పుడు స్టేషను స్థాయి తగ్గింది. పక్క లైను పీకేశారు, సిగ్నళ్లు తీసేశారు, స్టేషన్ మాస్టరును వేరే చోటికి పంపారు. మాస్టరు లేని స్టేషనును హాల్టు అంటారు. ఊరి మనిషే ఒకరు పెద్ద స్టేషను నుంచి అట్ట టికెట్ల కట్టలు తెచ్చుకుని అమ్ముతారు. అమ్మిన దాని మీద కొంత కమీషను, అంతే. జీతం ఉండదు, టోపీ ఉండదు. మా పెద్దనాయనకు ఆ ఏజెన్సీ వచ్చింది. ఆయన పోయాక ఎవరూ ముందుకు రాకపోతే పెద్దమ్మ తీసుకుంది. తెలంగాణ వచ్చిన నాటికి ఆ కిటికీ వెనుక ఆమె కుదురుకుని చాలా కాలమైంది.

నేను ఏడో తరగతితో బడి మానేసి మోటార్ల వైండింగు నేర్చుకున్నవాణ్ని. తర్వాతి చదువు నాకు నేనుగా చదువుకున్నదే. దానికి మొదటి పుస్తకం పెద్దమ్మ ఇచ్చింది. పెద్దనాయన అటక మీద పడేసిన పాత రైల్వే టైంటేబులు. "గిండ్ల ఏమున్నదో నాకు చదివి చెప్పు, నీకూ చదువొస్తది, నాకూ ఎరుకైతది" అంది. గడులు గీసి, పేర్లు ఒక దాని కింద ఒకటి పేర్చి రాస్తే లోకం కొంత అర్థమవుతుందని నాకు తెలిసింది ఆ పుస్తకం వల్లనే. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. అని ఉంటే, "అయితే ఫీజు కట్టు" అనేది.

ఆమె టికెట్టు ఇచ్చే తీరు చెప్పాలి. టికెట్టును తేదీ కొట్టే ఇనుప యంత్రంలో పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేది. ఆ చప్పుడు వరండా చివరి దాకా వినిపించేది. టికెట్టును ఎప్పుడూ కుడిచేత్తోనే ఇచ్చేది, ఇస్తూ మనిషి ముఖం చూసేది. ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరికి పని దొరకలేదో ఆమెకు ఆ చూపులోనే తెలిసేది. టికెట్టు లేకుండా ఎక్కబోయే కుర్రాళ్లను మాత్రం వదిలేది కాదు.

"టికెట్ లేనోడు నా కండ్లకు గాలితోని సమానం. గాలి కోసం బండెందుకు ఆగుతది? మనుషులు ఎక్కుతున్నరని ఆగుతది."

"అవ్వా, గాలి గూడ కిటికీలకెల్లి ఎక్కుతది" అని వాళ్లనేవారు.

"ఎక్కు కొడకా, కాచిగూడల టీసీ దించుతడు" అని యంత్రం మీద ఇంకో దెబ్బ వేసేది.

ఆమె కిటికీ పట్టాల వైపు ఉండేది. దానివల్ల ఒక ఆనవాయితీ ఏర్పడింది. హాల్టులో జెండా ఊపే ఉద్యోగి ఉండడు. బండి ఆగగానే గార్డు తన పెట్టె తలుపులోంచి ఆమె కిటికీ వైపు చూసేవాడు. చేను గట్టు మీద ఎవరైనా గంప ఎత్తుకుని పరుగెత్తి వస్తూ ఉంటే ఆమె అరచెయ్యి నిలువుగా పట్టేది. అందరూ ఎక్కాక చెయ్యి ఊపేది. అప్పుడు గార్డు జెండా చూపేవాడు. ఏ నిబంధనలోనూ లేని ఏర్పాటిది. గార్డులు మారిపోయినా పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పి పోయేవారు. తన హాల్టులో ఒక్క మనిషీ బండి తప్పిపోలేదన్నది ఆమె గర్వం. ఆమెకు వేరే గర్వం ఉన్నట్టు నేను చూడలేదు.

వరండా చివర చాయ్ బండి పెట్టుకున్న చాచా ఆమెను రోజూ ఏడిపించేవాడు. మా ఇంటి వెనుకే ఉన్న తురక గూడెం ఆయనది. పెద్దమ్మను అక్కా అనేవాడు.

"అక్కా, నువ్వు చెయ్యి ఊపకుంటె బండి పోదా? రైల్వే మంత్రి నువ్వేనాయె."

"మంత్రయితే నీ చాయ్ బండిని ముందుగాల లేపిస్తుంటి తమ్మీ. గా నీళ్ల చాయ్ తాగి ప్యాసింజర్లు బండెక్కకముందే పడుతున్నరు."

"గందుకేనా రోజుకు మూడు సార్లు తాగుతున్నవు?"

"నేను పడితె ఎవ్వరికి నష్టం లేదు. జర అల్లం వెయ్యి."

రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు మా లైను మారడం మొదలైంది. మొదట కరెంటు స్తంభాలు నాటారు. తర్వాత రెండో లైను కోసం కొలతలు తీశారు. రెండో లైను వెళ్లేది సరిగ్గా పాత స్టేషను మీదుగా. రాతి గోడ కూలగొట్టే రోజు పెద్దమ్మ కుర్చీ వేసుకుని దూరంగా కూర్చుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కన నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. పని చేయించే కుర్ర ఇంజనీరును పిలిచి ఒక్కటే అడిగింది.

"కొత్త దాంట్ల కిటికీ ఎటు దిక్కు పెడుతున్నరు బిడ్డా?"

"ఎటుంటే ఏముందమ్మా? టికెట్లు అమ్మడానికే కదా?"

"బండి వచ్చేది నాకు కనవడాలె. లేకుంటె ఎవ్వరు ఉరుకుతున్నరో నాకెట్ల ఎరుకైతది?"

అతను మంచివాడే. నవ్వి, అలాగే చెబుతానన్నాడు. కొత్త గది కట్టినప్పుడు అతను అక్కడ లేడు. నమూనా ప్రకారం కట్టారు. కిటికీ రోడ్డు వైపు వచ్చింది. పట్టాల వైపు గోడ.

ఆ పనులు నడుస్తుండగానే కరోనా వచ్చి ప్యాసింజర్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ బండ్లు మొదలయ్యాక మా ఊళ్లో ఏ బండీ ఆగలేదు. అడిగితే, ఆగే చోట్లలో ఈ హాల్టు పేరు లేదన్నారు. విచిత్రమేమిటంటే హాల్టు తయారైంది కూడా సరిగ్గా అప్పుడే. బండికి చాలా కిందుగా ఉన్న పాత నేల పోయి, బండి గడపతో సమానంగా ఎత్తైన ప్లాట్‌ఫారం వచ్చింది. రేకుల నీడ, నల్ల రాయి బెంచీలు, నల్లాలు, రాత్రంతా వెలిగే లైట్లు, మూడు భాషల్లో ఊరి పేరు, ముసలివాళ్లకు ఏటవాలు దారి, అన్నీ వచ్చాయి. నిచ్చెనంత మెట్టు ఎక్కి బండిలో పడిన రోజుల్లో మేము అడిగినవన్నీ అవే. అన్నీ ఇచ్చి బండిని తీసేశారు. పెద్దమ్మ ఆ బెంచీల మీద చెయ్యి వేసి చూసి, "సల్లగున్నయి. కూసునెటోళ్లు లేక సల్లగున్నయి" అంది.

ఊరి వాళ్లు ఆటోల్లో పాలమూరు వెళ్లి బండెక్కడం మొదలుపెట్టారు. కొందరు పట్నంలోనే గది కిరాయికి తీసుకుని ఉండిపోయారు. పాల క్యాన్ల ఆయన బర్రెలను అమ్మేశాడు. చాచా తన బండిని బైపాసు రోడ్డు మీదికి నెట్టుకుపోయాడు. నేను అర్జీలు రాశాను. ఒక్కో కార్యాలయానికి ఒక్కో విధంగా, మర్యాద తప్పకుండా, విషయం వరుస తప్పకుండా రాశాను. సర్పంచి సంతకం, సంఘాల సంతకాలు, వేలిముద్రలు జోడించాం. చాలా కాలం ఏమీ జరగలేదు. తర్వాత ఒకరోజు కబురు వచ్చింది. పొద్దుటి ప్యాసింజరు, సాయంత్రం ప్యాసింజరు కొన్ని నెలల పాటు మా దగ్గర ప్రయోగాత్మకంగా ఆగుతాయి. జనం ఎక్కితే కొనసాగిస్తారు, లేకపోతే తీసేస్తారు.

ఆ ప్రయోగాన్ని మేము పండుగ అనుకున్నాం. మొదటి రోజు ఇంజనుకు దండ వేశారు. డ్రైవరుకు కొబ్బరి ముక్క ఇచ్చారు. చాచా బైపాసు నుంచి బండి వెనక్కి తెచ్చాడు. పెద్దమ్మ పెట్టెలో దాచిన పచ్చ అంచు చీర కట్టుకుని కొత్త గదిలో కూర్చుంది. ఆమె యంత్రం చప్పుడు ఆ సిమెంటు గదిలో బోలుగా మోగింది.

చిక్కు ఆ వారంలోనే మొదలైంది. కిటికీ రోడ్డు వైపు ఉండటంతో బండి వచ్చింది ఆమెకు కనిపించేది కాదు. కూత వినిపించి తలెత్తేసరికి కిటికీ ముందు ఇంకా వరుస నిలబడి ఉండేది. గార్డు చూస్తే ఆయనకు కనిపించేది వట్టి గోడ. మూడో రోజో నాలుగో రోజో పూలమ్మే ఆమె టికెట్టు చేతికి అందుకుని, గంప ఎత్తుకుని, గది చుట్టూ తిరిగి ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి కదిలిపోయింది. ఆ రోజు పూలు మా ఊళ్లోనే వాడిపోయాయి. పెద్దమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇన్నేళ్లలో ఆమె కిటికీ ముందు నిలబడి ఒకరు బండి తప్పిపోవడం అదే మొదలు.

మర్నాటి నుంచి ఆమె ప్రతి రోజువారీ మనిషికీ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టింది. "పాలమూరుకు పోయి నెల పాసు తీస్కోండ్రి. గాడ కంప్యూటర్ల జల్ది అయితది. మీకూ అగ్గువ పడుతది, నా కాడ నిలవడే తిప్పలుండదు. సీదా పోయి బండెక్కుండ్రి." మా హాల్టులో పాసులు ఇచ్చే ఏర్పాటు లేదు. పాలమూరు నుంచి కాచిగూడ దాకా తీసుకున్న పాసు మధ్యలో ఎక్కడ ఎక్కినా చెల్లుతుంది. ఆమె చెప్పిందాంట్లో తప్పు ఒక్క అక్షరం లేదు. తన కమీషను పోతుందన్న ఆలోచన ఆమెకు రాలేదు, వచ్చినా లెక్కచేసేది కాదు. అందరూ ఆమె మాట విన్నారు. కిటికీ ముందు వరుస కరిగిపోయింది. ప్లాట్‌ఫారం మాత్రం కిటకిటలాడింది. బండి తప్పిపోయేవాళ్లు లేరు. పెద్దమ్మ ముఖంలో మళ్లీ వెలుగు వచ్చింది. తీరిక దొరికిందని పొద్దున గది బయటికి వచ్చి, గోడ మూలన నిలబడి గార్డుకు చెయ్యి ఊపడం కూడా మొదలుపెట్టింది.

గడువు ముగిసే నాటికి టికెట్ల విభాగం నుంచి ఒక అధికారి వచ్చాడు. నెమ్మదస్తుడు. చాచా ఇచ్చిన చాయ్ తాగి, పెద్దమ్మ ముందు బెంచీ మీద కూర్చుని చెప్పాడు.

"అమ్మా, మీ హాల్టులో టికెట్లు అమ్ముడుపోవడం లేదు. ఇలా ఉంటే పై వాళ్లు కొనసాగించరు."

"టికెట్లదేమున్నది సారూ? పొద్దుగాల వచ్చి చూడు. కాలు వెట్ట సందుండదు."

"ఈ రోజు పొద్దున నేను వచ్చింది ఆ బండిలోనేనమ్మా. చూశాను. కానీ నేను చూసింది లెక్కలోకి రాదు. టికెట్టు ఎక్కడ కొన్నారన్నదే లెక్క. వీళ్ల చేతుల్లో ఉన్న పాసులన్నీ పాలమూరువి. కాగితం మీద వీళ్లంతా పాలమూరులో ఎక్కినట్టే."

నాకు అర్థమైంది. చాచాకు అర్థమైంది. పెద్దమ్మకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆ సేపంతా ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది.

"అంటె, ఈడ ఎక్కినోళ్లు ఎవ్వరు లేరనా?"

"కాగితం మీద లేరమ్మా."

"అందరు గాలేనా?"

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. "ఆ పాసులు నేనే తీస్కొమ్మన్న సారూ" అంది పెద్దమ్మ. "ఆళ్ల తప్పు లేదు. నా పేరు మీద రాసుకోండ్రి." ఆయన లేచి నిలబడి, చూస్తానమ్మా అన్నాడు. చూసే ఉంటాడు. నేను వెంటనే ఇంకో అర్జీ రాశాను. పాసుల సంగతి మొదటి నుంచి చివరి దాకా విప్పి చెప్పి, ఇంకొన్ని నెలలు గడువు ఇస్తే అందరూ ఇక్కడే టికెట్లు కొంటారని ఊరంతా కలిసి హామీ ఇచ్చాం. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. ఆ జవాబు చేతికందిన నాటికి బండ్లు ఆగడం మానేసి కొన్ని వారాలైంది.

టికెట్ల యంత్రాన్ని, మిగిలిన అట్ట టికెట్లను పెద్దమ్మ తానే పాలమూరు తీసుకెళ్లి అప్పగించింది. ఆటోలో వెళ్లింది. నేను తోడు వస్తానంటే వద్దంది. తిరిగి వచ్చాక స్టేషను వైపు ఆమె నడవలేదు. చాచా మళ్లీ బైపాసుకు వెళ్లిపోయాడు. ఒక సాయంత్రం ఫ్లాస్కులో చాయ్ పోసుకుని ఆమెను చూడటానికి వచ్చాడు. నేనూ ఉన్నాను.

"ఎందుకక్కా ఫికర్? నువ్వు చెప్పకున్నా ఆళ్లు పాసులే తీస్కుందురు. అగ్గువకు దొరికేది ఎవ్వరు ఇడుస్తరు?"

"తీస్కోకపోతుండ్రి తమ్మీ" అంది పెద్దమ్మ. "కొందరు వద్దన్నరు. పూలామె అయితే గట్టిగనే వద్దన్నది. బండి తప్పిన మరునాడే వచ్చి, 'నేను నీ కాడనే కొంటా అవ్వా, జర ముందుగాల వస్తా' అన్నది. నేనే తిట్టి పంపిన. మొండితనం చెయ్యకు, పోయి పాసు తీస్కో అని తిట్టిన."

చాచా ఫ్లాస్కు మూత తీశాడు. చాయ్ పోసి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు. ఆమెను ఓదార్చే మాట కోసం నేను చాలా వెతికాను. ఆమె మంచి కోరి చెప్పిందని అనవచ్చు. అది ఆమెకు తెలుసు. కిటికీ అటు పెట్టినవాళ్లదే తప్పని అనవచ్చు. అదీ ఆమెకు తెలుసు. ఈ రెండు మాటల్లో ఏదీ బండిని ఆపదు.

మా ఇళ్లు పట్టాలకు దగ్గర. రెండు లైన్లు పడ్డాక బండ్లు పెరిగాయి, వేగమూ పెరిగింది. బండి పోతుంటే గూట్లో గిన్నెలు కదులుతాయి. చివరి ఏడాది మంచంలో పడుకున్న పెద్దమ్మ ఆ చప్పుడు వింటూ ఉండేది. మొదట్లో ఏదైనా బండి వేగం తగ్గినట్టు అనిపిస్తే తల కొంచెం పైకెత్తేది. ముందున్న బండి వల్ల వేగం తగ్గింది తప్ప, ఆగడానికి కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. కొన్నాళ్లకు తలెత్తడం మానేసింది. గిన్నెలు కదిలినా కళ్లు తెరిచేది కాదు. జబ్బు అంతకు ముందే ఉంది, అది డాక్టర్లు పేరు పెట్టగలిగిన జబ్బే. కానీ ఆమె ఆ తలెత్తడం మానేసిన రోజు నుంచే నేను మనసులో సిద్ధమయ్యాను.

ఒకసారి అడిగాను, మళ్లీ అర్జీ పెట్టమంటావా అని.

"వద్దు బిడ్డా. రాసి రాసి నీ చెయ్యి నొస్తది. చదివెటోళ్ల కండ్లు నొస్తయి. ఇగ ఎవ్వరిని తిప్పలపెట్టొద్దు" అంది.

మాలో మట్టి చేయడమే ఆనవాయితీ. మా శ్మశానం పట్టాలకు అవతల ఉంది. పట్టాలు దాటే పాత గేటు దారిని మూసేసి, పట్టాల పొడవునా గోడ కట్టారు. అవతలికి వెళ్లాలంటే ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి, పట్టాల పై నుంచి కట్టిన మెట్ల వంతెన ఎక్కి దిగాలి. బుధవారం మధ్యాహ్నం డప్పులతో పాడెను ఆ దారినే తీసుకెళ్లాం. పేలాలు, బుక్కగులాలు పొడి చల్లుకుంటూ ప్లాట్‌ఫారం ఎక్కాం. శ్మశానానికి చేరేలోపు ఒకచోట పాడెను దించి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందని. ఇదివరకు ఆ పని గేటు దగ్గర జరిగేది. ఇప్పుడు గేటు లేదు. మెట్లు ఎక్కే ముందు భుజాలు మార్చుకోవాలి కనుక మా కులపెద్ద అటూ ఇటూ చూసి, "ఇగ ఈడనే దించుండ్రి" అన్నాడు. పాడెను రేకుల నీడ కింద దించాం. డప్పులు ఆగాయి.

అన్న మోకాళ్ల మీద కూర్చుని తల్లి చెవి దగ్గరికి వంగాడు. సరిగ్గా అప్పుడే పాలమూరు వైపు నుంచి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కూత వేసుకుంటూ, ఏమాత్రం తగ్గకుండా మా పక్క నుంచే పోయింది. అన్న పెదవులు కదలడం చూశాం, మాట వినపడలేదు. ఆడవాళ్లు కొంగులు పట్టుకున్నారు. చివరి పెట్టె దాటాక కులపెద్ద, "మూడు సార్లయింది, లేపుండ్రి" అన్నాడు.

చాచా గుంపు వెనుక నిలబడి ఉన్నాడు. మా ఆచారాల్లో ఆయన ఎన్నడూ మాట కలిపినవాడు కాదు. "ఏడ అయింది పెద్దమనిషీ?" అన్నాడు. "పక్కనున్న నాకే వినవడలె. ఆమెకేం వినవడుతది? మళ్ల పిలువుమను."

కులపెద్ద ఆయన వైపు కాసేపు చూశాడు. "పిలువు బిడ్డా" అన్నాడు అన్నతో.

ఈసారి ఏ చప్పుడూ లేదు. అన్న మూడుసార్లు అమ్మా అని పిలిచాడు. ఒక పిలుపుకు ఇంకో పిలుపుకు నడుమ అందరం చెవులొగ్గి విన్నాం. పై తీగల్లో కరెంటు సన్నగా మూలుగుతోంది. మూడో పిలుపు తర్వాత కూడా అన్న వంగే ఉన్నాడు. ఎవరో ఆయన భుజం పట్టి లేపారు.

పాడెను ఎత్తి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. మెట్లు నిటారుగా ఉండటంతో ముందు వాళ్లు వంగి, వెనుక వాళ్లు చేతులు పైకెత్తి మోశారు. నేను అందరికన్నా వెనుక ఉన్నాను. పాడె ఏటవాలైనప్పుడల్లా దాని మీది పేలాలు జారి, మెట్టు మెట్టుకూ దొర్లుతూ కిందికి వచ్చాయి. ప్లాట్‌ఫారం మీద పడ్డవాటిని గాలి మెల్లగా నెట్టుకుంటూ పోయింది. అంచున పసుపు గీత ఉంది, బండి కోసం జనం నిలబడవలసిన చోటు. ఆ గీత పొడవునా పేలాలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి.